నలుగురూ నడవని దారికి ఎంబీఏ కావాలా? చేరే ముందు తేల్చుకునే పద్ధతి

ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ ఫలితాలు వచ్చాక నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. కంపెనీ ఉద్యోగం కోసం ఎంబీఏ చేయాలనుకునేవారికి సమాధానం చెప్పడం తేలిక. నాటక బృందం పెడతాను, ఉదయగిరి చెక్క గరిటెలు పెద్ద నగరాల్లో అమ్ముతాను, ఒంగోలు జాతి పశువులు పెంచుతాను అనేవారు ‘మాకు ఎంబీఏ పనికొస్తుందా’ అని అడిగితే అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పలేం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ డిగ్రీ మీ పనిలో ఏ చోట అక్కరకు వస్తుందో మీరే వేలుపెట్టి చూపగలిగితే చేరండి. చూపలేకపోతే ఆగండి. ఆ చోటును వెతకడానికే ఈ దశలు. తాపీగా చేస్తే రెండు మూడు నెలలు పడుతుంది.

వరుస మాత్రం మార్చవద్దు. డబ్బు లెక్కతో మొదలుపెడితే భయం నిర్ణయిస్తుంది, కాలేజీ భవనాలు చూడటంతో మొదలుపెడితే మోజు నిర్ణయిస్తుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఒక నోటుపుస్తకం. ఫోనులో రాసుకుంటే ఇంట్లోవారి ముందు పెట్టడం కుదరదు.
- మీరు చేరాలనుకుంటున్న కోర్సు పూర్తి సిలబస్. నెల్లూరు వైపు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలు వైపు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇంజినీరింగ్ కాలేజీల్లో నడిచే ఎంబీఏ అయితే అది ఏ జేఎన్‌టీయూకి అనుబంధమో చూసుకుని ఆ సిలబస్ తీసుకోండి.
- కాలేజీ రాసి ఇచ్చిన ఫీజు వివరం. నోటిమాట లెక్కలోకి రాదు.
- మీరు చేయాలనుకునే పని ఇప్పటికే చేస్తున్న ముగ్గురి ఫోను నంబర్లు.

## 1. ఆశయాన్ని ఒక్క వాక్యంగా రాయండి

‘ఏదైనా భిన్నంగా చేయాలి’ అన్నది కోరిక. దాన్ని పట్టుకుని ఏ చదువూ ఎంచుకోలేం. మీ వాక్యంలో మూడు సంగతులు కనిపించాలి: చేసే పని ఏది, దానికి డబ్బు ఇచ్చేది ఎవరు, ఎక్కడ ఉండి చేస్తారు.

ఇలా రాయవచ్చు:

- ఉదయగిరి కళాకారుల దగ్గర చెక్క గరిటెలు, స్పూన్లు కొని చెన్నై, హైదరాబాద్ హోటళ్లకు అమ్ముతాను.
- కొత్తపట్నం తీరంలో, మత్స్యకార కుటుంబాల వంటతో, వారాంతంలో వచ్చేవారికి ఒక రోజు యాత్ర నడుపుతాను.
- నాటక బృందం కట్టి పాఠశాలలు, ఉత్సవ కమిటీల నుంచి ప్రదర్శనకు ఇంత అని తీసుకుంటాను.

ఎక్కువమంది రెండో సంగతి దగ్గర ఆగిపోతారు. డబ్బు ఇచ్చేవారు ఎవరో తెలియకుండా వాక్యం ముగించేస్తారు. అలా అయితే ఇప్పటికే ఆ పనిలో ఉన్నవారికి ఫోను చేసి, చివరగా డబ్బు ఇచ్చిన ముగ్గురు ఎవరో, ఎందుకు ఇచ్చారో అడగండి. ఆ జవాబులతో వాక్యం మళ్లీ రాయండి.

## 2. ఆ పని చేసేవారి పక్కన వారం రోజులు ఉండండి

అన్ని దశల్లోకీ ఇదే ముఖ్యమైనది. ఎక్కువమంది దాటేసేది కూడా ఇదే. ఒక వారం వెంట ఉండి, వారు పొద్దున్నుంచి రాత్రి దాకా చేసిన ప్రతి పనినీ రాసుకోండి. ఫోనులో బేరమాడిన పావుగంట కూడా రాయండి. వారం చివర ఆ పనులను నాలుగు రకాలుగా విడదీయండి.

- చేతి పని: చెక్కడం, నటించడం, వండటం, ఫొటో తీయడం, పశువును చూసి దాని ఆరోగ్యం చెప్పడం.
- లెక్క పని: ధర కట్టడం, అప్పు తిప్పడం, సరుకు నిల్వ చూసుకోవడం, లాభం ఎక్కడ జారిపోతోందో పట్టుకోవడం.
- మాట పని: కొనేవారిని వెతకడం, ఒప్పించడం, పనివారిని నిలబెట్టుకోవడం.
- కాగితం పని: లైసెన్సులు, బిల్లులు, జీఎస్టీ, ఒప్పందాలు.

వ్యాపార డిగ్రీ మొదటిదాన్ని అసలు తాకదు. రెండోది బాగా నేర్పుతుంది. మూడోదానికి పేర్లు, పద్ధతులు చెబుతుంది, అలవాటు మాత్రం బయటే రావాలి. నాలుగోదాంట్లో చట్టం ఏమి అంటుందో చెబుతుంది. దరఖాస్తు నింపడం చాలాచోట్ల మీరే నేర్చుకోవాలి.

లెక్క పని ఎంత లోతుగా ఉంటుందో గరిటెల వ్యాపారంలో ఒక ఆర్డర్ తీసుకుని చూద్దాం. అంకెలు ఉదాహరణకు అనుకున్నవి.

ఒక గరిటెల పెట్టె హోటల్‌కు 300 రూపాయలకు అమ్ముతారు. కళాకారుడికి 180, ప్యాకింగుకు 20, రవాణాకు 25, విరిగినవీ తిరిగొచ్చినవీ కలిపి 15. మొత్తం ఖర్చు 240, మిగిలేది 60. ఐదు వందల పెట్టెల ఆర్డర్ వస్తే 30,000 లాభం. కాగితం మీద బాగానే ఉంది.

అయితే కళాకారుడికి డబ్బు ఆ రోజే ఇవ్వాలి. హోటల్ ఇచ్చేది 45 రోజులకు. అంటే 1,20,000 రూపాయలు నెలన్నర ఇరుక్కుంటాయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే 3,600 వడ్డీకి పోతుంది. అదీ భరించవచ్చు. ఈలోగా హోటల్ బిల్లు 90 రోజులకు వెళ్లి, అదే సమయంలో రెండో ఆర్డర్ వచ్చిందనుకోండి. ఇప్పుడు చేతిలో 2,40,000 ఉండాలి. లేకపోతే ఆర్డర్ వదులుకోవాలి, లేదా కళాకారుడికి బాకీ పడాలి. బాకీ పడితే మరుసటి నెల ఆయన సరుకు ఇంకొకరికి ఇస్తాడు.

లాభంలో ఉన్న వ్యాపారం రొటేషన్ అందక మూతపడేది ఇలాగే. రొయ్యల చెరువుల వాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. మేత డీలర్ దగ్గర అరువు, పంట పట్టాక వచ్చే డబ్బు, మధ్యలో రొయ్యల ధర పడిపోవడం వారికి ఏటా ఎదురయ్యేదే.

ఈ లెక్క చదువుతున్నప్పుడు మీకు ఆసక్తి కలిగి, పెన్ను తీసి వేరే అంకెలతో వేసి చూడాలనిపించిందా? అయితే ఎంబీఏలో మీకు దక్కేది చాలా ఉంది. విసుగు పుట్టిందా? అప్పుడు లెక్క చూసే భాగస్వామిని వెతుక్కోవడం డిగ్రీ కంటే చవక.

## 3. పనుల చీటీ పక్కన సిలబస్ పెట్టండి

ఎంబీఏ మొదటి ఏడాది సబ్జెక్టులు ఎక్కడైనా దాదాపు ఒకటే: అకౌంటింగ్, ఆర్థికశాస్త్రం, గణాంకాలు, సంస్థాగత ప్రవర్తన, మార్కెటింగ్, ఫైనాన్స్, మానవ వనరులు, ఉత్పత్తి నిర్వహణ. రెండో ఏడాది మీరు ఎంచుకునే ప్రత్యేకాంశాలు, ప్రాజెక్టు ఉంటాయి.

ఒక్కో సబ్జెక్టు ఎదురుగా మీ చీటీలోని ఏ పనికి అది ఉపయోగపడుతుందో రాయండి. ‘మొత్తం మీద ఉపయోగమే’ అని రాయవద్దు, పని పేరు రాయండి. పేరు దొరకకపోతే ఖాళీగా వదిలేయండి.

సగానికి పైగా సబ్జెక్టులకు పని దొరికితే ముందుకు వెళ్లండి. రెండు మూడింటికే దొరికితే ఆ రెండు మూడూ విడిగా నేర్చుకోండి. స్వయం, ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ వేదికల్లో అకౌంటింగ్, మార్కెటింగ్ పాఠాలు ఉచితంగా వినవచ్చు, ధ్రువపత్రం కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. బిల్లులు, ట్యాలీ, జీఎస్టీ లాంటివి స్టోన్‌హౌస్‌పేటలో ఒక టోకు వ్యాపారి దగ్గర గుమాస్తా పక్కన మూడు నెలలు కూర్చుంటే తరగతి గది కంటే గట్టిగా వస్తాయి. ఆ మూడు నెలలూ జీతం అడగకండి, పని అడగండి.

## 4. డిగ్రీ అడిగే తలుపు ఉందా, లేదా?

కొన్ని దారుల్లో కాగితం లేకపోతే లోపలికే రానివ్వరు. మీ దారి అలాంటిదో కాదో ఇక్కడ తేలుతుంది.

కాగితం అడిగేవి: పెద్ద సంస్థల్లో మేనేజ్‌మెంట్ ట్రైనీ ఉద్యోగాలు, గ్రామీణాభివృద్ధి, సహకార సంస్థల్లో నిర్వహణ హోదాలు, ఆసుపత్రి పరిపాలన, మేనేజ్‌మెంట్ కాలేజీల్లో బోధన.

అడగనివి: చిన్న వ్యాపారాలకు ఉద్యమ్ నమోదు, ఆహార వ్యాపారానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు, ఎగుమతి కోడ్, ముద్ర రుణం. సొంత యూనిట్ పెట్టేవారికి కేంద్రం రాయితీతో అప్పు ఇప్పించే పీఎంఈజీపీ కింద తయారీ యూనిట్‌కు 50 లక్షల దాకా, సేవల యూనిట్‌కు 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. తయారీలో 10 లక్షలు, సేవల్లో 5 లక్షలు దాటితే అడిగే చదువు ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత.

ఇది చాలామందికి తెలియదు. ‘ఎంబీఏ ఉంటే బ్యాంకు అప్పు తేలికగా ఇస్తుంది కదా’ అని ఫీజు కట్టేవారు ఉన్నారు. బ్యాంకు మేనేజర్ చూసేది ప్రాజెక్టు నివేదిక, పాత రుణాల చరిత్ర, మీరు అమ్మగలరా లేదా అన్నది. నివేదిక రాయడం నేర్చుకోవాలంటే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి. గ్రామీణ యువతకు బ్యాంకులు నడిపే ఆర్‌సెటీల్లో శిక్షణ, భోజనం, వసతి ఉచితం.

నాటకం, సినిమా, ఫొటోగ్రఫీ, వంటల చానల్ విషయంలో ఏ తలుపూ డిగ్రీ అడగదు. అక్కడ మీరు చేసిన పనే మీ పరిచయ పత్రం. పశువుల పెంపకం కూడా అంతే. ఒంగోలు జాతి గురించి తెలుసుకోవాలంటే చదలవాడ పశుక్షేత్రంలో, పశువైద్యుల దగ్గర, పాత రైతుల దగ్గర గడిపే కాలానికి సాటి వచ్చే సెమిస్టర్ ఎక్కడా లేదు.

## 5. చేరాలనిపిస్తే, ఏ వ్యాపార డిగ్రీ?

ఎంబీఏ అంటే ఒక్క రకం అనుకోవడం పెద్ద పొరపాటు. మీ వాక్యానికి దగ్గరగా ఉన్నదాన్ని వెతకండి.

- పర్యాటకం: కేంద్ర పర్యాటక శాఖ కింద పనిచేసే ఐఐటీటీఎంకు నెల్లూరులోనే క్యాంపస్ ఉంది. పర్యాటకంలో బీబీఏ, ఎంబీఏ నేర్పుతుంది. తీరప్రాంత యాత్రలు, పక్షుల పర్యటనలు అనుకునేవారు సాధారణ ఎంబీఏకి ముందు దీన్ని చూడాలి. ఇంటి దగ్గర ఉండి కూడా చాలామంది దృష్టికి రాని సంస్థ ఇది.
- గ్రామీణ ఉత్పత్తులు, సహకార సంఘాలు: గుజరాత్ ఆనంద్‌లో 1979లో మొదలైన గ్రామీణ నిర్వహణ సంస్థ ఇర్మా.
- వ్యవసాయ వ్యాపారం: వ్యవసాయ, అనుబంధ డిగ్రీలు చేసినవారికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ పీజీ డిప్లొమా.
- ఎగుమతులు: విదేశీ వాణిజ్యం నేర్పే కేంద్ర సంస్థ ఐఐఎఫ్‌టీకి కాకినాడలో క్యాంపస్ ఉంది. రొయ్యలు, గ్రానైట్ కుటుంబాల పిల్లలు దీన్ని చూడాలి.
- పని వదలకుండా చదవాలంటే: ఇగ్నో దూరవిద్య ఎంబీఏ. మరేదైనా దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సు అయితే యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో ఆ విశ్వవిద్యాలయం, ఆ కోర్సు రెండూ ఉన్నాయా అని మీరే చూడండి. ఏజెంట్ చూపించిన స్క్రీన్‌షాట్‌ను నమ్మవద్దు.

ఇంటర్ అయినవారికి ఒక మాట. ఏ డిగ్రీ చేసినా తర్వాత ఎంబీఏలో చేరవచ్చు. చేతిలో కళ ఉంటే మొదటి డిగ్రీని ఆ కళకు దగ్గరగా ఉన్నదాంట్లోనే చేయండి. ‘ముందు జాగ్రత్తగా బీబీఏ’ అని మూడేళ్లు పక్కదారి పట్టాక మళ్లీ కళ దగ్గరకు వచ్చినవారిని నేను చూసింది తక్కువ. బీబీఏ ఎంచుకుంటే కాలేజీకి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఆమోదం ఉందో లేదో చూడండి. 2024-25 నుంచి బీబీఏ కూడా దాని పరిధిలోకి వచ్చింది.

## 6. డబ్బు లెక్క

కోర్సు ఖర్చు అంటే ఫీజు ఒక్కటే కాదు. నాలుగు అంకెలు రాయండి: ఫీజు, హాస్టల్ తిండి ఖర్చు, రెండేళ్లలో మీరు సంపాదించగలిగి వదులుకున్న డబ్బు, అప్పు వడ్డీ.

విద్యారుణం 5 లక్షలు, వడ్డీ 10 శాతం, ఏడేళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 8,300 కట్టాలి. సాధారణంగా కోర్సు ముగిశాక ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. ఆ కాలంలోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, అది కలిస్తే వాయిదా ఇంకా పెద్దదవుతుంది.

భిన్నమైన దారి ఎంచుకున్నవారికి ఇక్కడే చిక్కు. నాటక బృందానికైనా యాత్రల వ్యాపారానికైనా మొదటి రెండు మూడేళ్లు రాబడి నిలకడగా ఉండదు. నెలనెలా 8,300 కట్టాలంటే ఏదో ఒక ఉద్యోగంలో చేరక తప్పదు. ఏ ఆశయం కోసం చదివారో దాన్ని ఆ చదువు అప్పే ఆపేస్తుంది. కాబట్టి మొదటి మూడేళ్ల రాబడి అంచనాలోంచి వాయిదా తీసేసి చూడండి. ఇంటి ఖర్చుకు ఏమీ మిగలకపోతే ఆ అప్పు తీసుకోకండి. తక్కువ ఫీజు ప్రభుత్వ విశ్వవిద్యాలయం, దూరవిద్య, లేదా వాయిదా వేయడం మిగిలిన మార్గాలు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని కాలేజీ చెబితే, ఈ ఏడాది, ఈ కోర్సుకు, మీ కోటాలో వర్తిస్తుందా అని ప్రభుత్వ వెబ్‌సైట్ జ్ఞానభూమి వివరాలతో సరిచూసుకోండి. నియమాలు మారుతుంటాయి.

## 7. ఫీజు కట్టే ముందు చిన్న ప్రయోగం

రెండు నెలల గడువు పెట్టుకుని, పోయినా ఇల్లు కదలని డబ్బుతో పని మొదలుపెట్టండి. ఒకటే షరతు: బంధువులు, స్నేహితులు కానివారు పదిమంది మీకు డబ్బు ఇవ్వాలి.

- గరిటెలైతే ఇరవై పెట్టెలు తెచ్చి ట్రంక్ రోడ్డు దుకాణాల్లో, హోటళ్లలో అడగండి.
- యాత్ర అయితే ఒక ఆదివారం ఒక బృందాన్ని తీసుకెళ్లండి.
- నాటకమైతే ఒక పాఠశాల నుంచి, చిన్న మొత్తమైనా సరే, రుసుము తీసుకుని వేయండి.

చెప్పుకోవలసింది లాభం గురించి కాదు, మీరు ఎక్కడ తడబడ్డారో దాని గురించి. ధర చెప్పడానికి నోరు రాలేదా? ఖర్చు లెక్క తప్పిందా? ఎవరిని అడగాలో తెలియలేదా? సరుకే బాగాలేదా? చివరి కారణమైతే ఎంబీఏ మందు కాదు. మొదటి మూడింట్లో ఏది అన్నదాన్ని బట్టి మూడో దశలో రాసుకున్న సబ్జెక్టుల జాబితా మళ్లీ చూడండి. చాలాసార్లు అది మారుతుంది.

## 8. ముగ్గురితో మాట్లాడండి

ఎంబీఏ చేసి భిన్నమైన పనిలో ఉన్నవారు ఒకరు, ఎంబీఏ లేకుండా అదే పనిలో ఉన్నవారు ఒకరు, ఎంబీఏ తర్వాత ఆ పని వదిలేసినవారు ఒకరు. మూడోవారిని ఎవరూ అడగరు. అసలు సంగతులు వారి దగ్గరే ఉంటాయి.

‘ఎంబీఏ మంచిదేనా అన్నా’ అని అడిగితే మంచిదే అంటారు. ఇలా అడగండి:

- కోర్సులో నేర్చుకున్నది ఏదైనా గత నెలలో వాడారా? ఎక్కడ?
- కోర్సులో పరిచయమైనవారిలో ఇప్పటికీ మీకు పని ఇస్తున్నది ఎవరు?
- అప్పు ఎప్పుడు తీరింది? తీరే దాకా ఏమి వాయిదా వేసుకున్నారు?

## 9. ఇంట్లో మాట్లాడటం

ఆవేశంగా చెబితే నాన్నగారికి మీ ఆవేశమే గుర్తుంటుంది. పనుల చీటీ, డబ్బు లెక్క, ప్రయోగంలో చేతికి వచ్చిన మొత్తం ముందు పెట్టి మాట్లాడండి. ఎంత కాలం ప్రయత్నిస్తారో, కుదరకపోతే ఏమి చేస్తారో తేదీతో సహా చెప్పండి.

అమ్మాయిలకు ఇంకో సంగతి ఉంది. దాన్ని దాచి రాయడం నాకు ఇష్టం లేదు. చాలా ఇళ్లలో చదువు ఆగిన రోజే పెళ్లి మాటలు మొదలవుతాయి. రెండేళ్ల ఎంబీఏ ఆ రెండేళ్లను చేతికి ఇస్తుంది. కాలం కోసం చేరడం కూడా న్యాయమైన కారణమే, దానికి సిగ్గుపడనక్కరలేదు. అయితే అదే కారణమైతే తక్కువ ఫీజు ఉన్నచోట, అప్పు లేకుండా చేరండి. చేరిన రోజు నుంచే మీ పనిని పక్కన నడపండి. రెండేళ్లూ తరగతులకే ఇచ్చేస్తే మూడో ఏడు మళ్లీ అదే గుమ్మంలో నిలబడాలి.

## 10. నిర్ణయం

నోటుపుస్తకంలో ఈ ఐదింటికి అవును, కాదు రాయండి.

- [ ] డబ్బు ఇచ్చేవారు ఎవరో వాక్యంలో ఉంది.
- [ ] సగానికి పైగా సబ్జెక్టులకు నా పనిలో చోటు దొరికింది.
- [ ] డిగ్రీ అడిగే తలుపు కనీసం ఒకటి ఉంది.
- [ ] వాయిదా కట్టాక కూడా ఇల్లు నడుస్తుంది.
- [ ] ప్రయోగంలో నేను తడబడింది లెక్క దగ్గర లేదా అమ్మకం దగ్గర.

నాలుగో దానికి ‘కాదు’ వస్తే మిగతావి ఎలా ఉన్నా అప్పుతో ఇప్పుడు చేరవద్దు. ఐదూ అవును అయితే చేరండి. మూడోదొక్కటే కాదు అయితే ఇగ్నో లాంటి మార్గం, లేదా రెండేళ్లు పని చేశాక చేరడం మేలు. పని అనుభవంతో వచ్చినవారు తరగతిలో అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. ఒకటోదానికే కాదు వస్తే మొదటి దశకు తిరిగి వెళ్లండి, ఇంకా కాలేజీ సంగతి ఎత్తే సమయం రాలేదు.

## 11. చేరాలని తేల్చుకున్నవారికి

ఏపీ ఐసెట్ 200 ప్రశ్నలకు రెండున్నర గంటల పరీక్ష. మంచి ర్యాంకు వస్తే ప్రభుత్వ విశ్వవిద్యాలయం సీటు, దానితో అప్పు లేని చదువు దక్కుతాయి కాబట్టి మూడు నెలలు శ్రద్ధగా చదవండి.

ప్రాజెక్టు నివేదికను ఎక్కడో కొని సమర్పించడం చాలాచోట్ల అలవాటైపోయింది. ఆ పని చేయకండి. మీ సొంత వ్యాపారాన్నే ప్రాజెక్టు అంశంగా పెట్టుకోండి. గరిటెల ధరలు, హోటళ్ల బాకీలు, యాత్రకు వచ్చినవారి అభిప్రాయాలు అన్నీ అందులోకి వస్తాయి. గైడ్ చేత దిద్దించుకున్న ఆ నివేదికలో కొద్ది మార్పులు చేస్తే రేపు బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు నివేదిక అవుతుంది.

చేరే రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి, సరిచూశాక వెనక్కి తీసుకోండి. కాలేజీలు వాటిని అట్టిపెట్టుకోకూడదన్నది యూజీసీ, ఏఐసీటీఈ నియమం. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకుని, రెండూ ఒకే ఫైల్లో ఇంట్లో పెట్టుకోండి. మొదటి సెమిస్టర్‌లోనే మనసు మారితే ముందుగా అవసరమయ్యేది ఆ ఫైలే.